పోచారం కట్ట నిలబడింది సరే, మన ఇంటి సంగతేంటి?

పోచారం అనగానే చాలామందికి అభయారణ్యంలో జింకలు, వానాకాలంలో మత్తడి దూకే నీళ్ళు గుర్తొస్తాయి. మెదక్ నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో, నాగిరెడ్డిపేట మండలంలో ఉందీ ప్రాజెక్టు. 1916లో మొదలుపెట్టి 1922కల్లా పూర్తిచేశారు. ఏడో నిజాం కాలం అన్నమాట. గేట్లు ఎత్తడాలు, దించడాలు ఉండవు. నిండితే మత్తడి మీంచి దానంతటదే పారుతుంది.

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో ఈ కట్టకి అసలు పరీక్ష వచ్చింది. కామారెడ్డి జిల్లా అర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన కొట్టింది. పోచారం డిజైను 70 వేల క్యూసెక్కులకైతే, వచ్చిపడింది 1.82 లక్షల క్యూసెక్కులని అధికారుల లెక్క. మత్తడి పక్కన కట్ట కోసుకుపోయింది కానీ, నూరేళ్ళు దాటిన ఆ రాతి గోడ మాత్రం నిలబడింది. "అప్పటి పనే వేరు" అని అందరం మెచ్చుకున్నాం. మెచ్చుకోవాల్సిందే. అయితే అదే రోజు కామారెడ్డి పట్నంలో జీఆర్ కాలనీ మునిగింది. జనం మేడలెక్కి సాయం కోసం ఎదురుచూశారు. కట్ట గట్టిదైతే చాలదని దీన్నిబట్టే తెలుస్తోంది కదా?

కొంచెం వెనక్కి వెళ్దాం. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ వరద. సుమారు 15 వేలమంది పోయారని అంచనా. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు వచ్చి చూస్తే తేలిందేమిటంటే, మూసీ పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయి. మనవి గొలుసుకట్టు చెరువులు కదా, పైది తెగితే ఆ నీళ్ళన్నీ కిందిదాని మీద పడతాయి, అదీ తెగుతుంది. మా సాఫ్టువేరు భాషలో చెప్పాలంటే ఒక సర్వరు పడితే దాని లోడంతా పక్కదాని మీద పడి, అదీ కూలినట్టు. ఆ రోజు అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారని చెప్తారు. చెట్టు ఇప్పటికీ ఉంది. 2025లో ఎల్లారెడ్డి మండలం బొగ్గుగుడిసె దగ్గర వాగులో చిక్కుకున్న కూలీలు నీళ్ళ ట్యాంకరెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. నూట పదిహేడేళ్ళ తేడా, ఉపాయం మాత్రం ఒకటే: దొరికిందేదో ఎక్కడం!

నిజానికి మన ఊళ్ళలో ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండేది. చెరువుకి తూము, మత్తడి ఉన్నట్టే నీరటి కూడా ఉండేవాడు. పెద్దవాన పడితే కట్ట మీద కాపలా అతనిదే. మత్తడి నీళ్ళు ఎటు పోతాయో ఊరందరికీ తెలుసు కాబట్టి ఆ దారిలో ఎవరూ ఇల్లు కట్టేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆ దారుల్లోనే ప్లాట్లు వేసి అమ్ముతున్నారు, మనం లోన్లు పెట్టి కొంటున్నాం.

ముందే తెలిస్తే ఎంత తేడానో కోస్తా వాళ్ళనడగండి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో పదివేలమందికి పైగా పోయారు. 1990 మే తుఫానుకి లక్షలమందిని ముందుగానే తరలించారు, చనిపోయినవాళ్ళ సంఖ్య వెయ్యి లోపే. అదీ తక్కువేం కాదు, కానీ తేడా చూడండి. తుఫానుకైతే రెండు మూడు రోజులు టైముంటుంది. మన వాగుకి అంత టైముండదు. గంటల్లో వచ్చేస్తుంది. అందుకే సగం పని ఇంట్లోనే ముందు అయిపోవాలి.

పెద్ద ఖర్చేం లేదు. పట్టా పాసుబుక్కు, ఆధార్, సర్టిఫికెట్లు, రోజూ వేసుకునే మందులు ఒకే ప్లాస్టిక్ కవర్లో కట్టి అటక మీద పెట్టండి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి, నీళ్ళు గడప దాటకముందే ఆపెయ్యాలి. టార్చిలైటు, ఛార్జ్ చేసిన పవర్ బ్యాంకు, రెండ్రోజులకి తాగే నీళ్ళు. వరద తగ్గాక బోరునీళ్ళైనా కాచే తాగాలి. పిడుగుల హెచ్చరికకి దామిని యాప్, ఆపదలో 112. ముసలివాళ్ళు ఒంటరిగా ఉండే ఇల్లు పక్కనుంటే, వాళ్ళని ఎవరు ఎత్తుకొస్తారో ముందే అనుకోండి. ఇక పారే వాగు మీద బండి నడపొద్దు, "ఎప్పుడూ దాటేదేగా" అనొద్దు. అడుగు లోతు నీళ్ళు వేగంగా పారితే చిన్న కారు కూడా కొట్టుకుపోతుంది.

పోచారం కట్టినవాళ్ళకి 2025 వాన సంగతి తెలీదు. పట్టనంత వస్తే ఎటు పోవాలో మాత్రం ముందే ఆలోచించి ఆ దారి వదిలారు. మీ ఊరి మత్తడి ఎక్కడుందో, ఆ నీళ్ళు ఏ వీధిమీంచి పోతాయో ఇంట్లో పెద్దవాళ్ళని ఈ ఆదివారం అడగండి. అది తెలిస్తే మీరు ఎటు పోవాలో కూడా తెలిసినట్టే.