బొటనవేలికి తెలిసిన శత్రువు

పాతాళలోకం నెదర్‌రెల్మ్. చుట్టూ నిప్పు. ఎదురుగా నీలం దుస్తుల్లో సబ్-జీరో. అతణ్ణి ఇక్కడికి లాక్కొచ్చింది మీరే, ఎందుకంటే ఈ అధ్యాయంలో మీరు స్కార్పియన్. మీ ఇంటివాళ్లనూ, షిరాయ్ ర్యూ వంశాన్నంతటినీ ఊచకోత కోసింది ఇతడేనని మీ నమ్మకం. చచ్చి కూడా లేచి వచ్చింది ఈ పగ తీర్చుకోవడానికే. అయితే ఇంతకుముందే ఉరుముల దేవుడు రైడెన్ మీ ముందు ఒక ఆశ పెట్టాడు: ఇతణ్ణి ఓడించు, ప్రాణం మాత్రం తీయకు, నీవాళ్లను తిరిగి తెమ్మని పెద్ద దేవతలను నేను వేడుకుంటాను.

ఇద్దరి మధ్యా మాటలు నడుస్తుండగానే కెమెరా పక్కకు జరిగింది. పైన హెల్త్ బార్లు వచ్చాయి. ఇప్పటిదాకా సినిమాలా చూస్తున్నది ఒక్కసారిగా మీ చేతికొచ్చింది.

వెనక్కి, ముందుకి, పంచ్. బల్లెం రివ్వున వెళ్లి సబ్-జీరో ఛాతీలో దిగింది. ఒక్క గుంజుతో మీ ముందుకొచ్చి తూలాడు. అప్పర్‌కట్! లేచినవాడు మంచు విసిరాడు. మీరు బిగుసుకుపోయారు. ఏ బటన్ నొక్కినా స్కార్పియన్ కదలడు, దెబ్బలు మాత్రం పడుతూనే ఉన్నాయి. అయితే తిన్న దెబ్బకూ మీటర్ నిండుతుంది. మూడు గడులూ నిండగానే రెండు ట్రిగ్గర్లూ కలిపి నొక్కారు. ఎక్స్-రే. ఆట నెమ్మదించింది. చర్మం కింద ఎముకలు విరగడం కనిపించింది. సబ్-జీరో కూలబడ్డాడు.

చంపమనే పిలుపు రాలేదు. 1992 నుంచి మోర్టల్ కోంబాట్ గేముల పేరు మోగిందే ఓడినవాణ్ణి చంపే ఫేటాలిటీలతో. స్టోరీ మోడ్‌లో మాత్రం ఆ చివరి దెబ్బ మీ చేతికివ్వరు. స్కార్పియన్ ఆగాడు. రైడెన్ కోరినట్టే వదిలేశాడు. హమ్మయ్య అనుకున్నారు.

అంతలో మాంత్రికుడు క్వాన్ చీ వచ్చాడు. మీ భార్యాబిడ్డల చావును కళ్లకు కట్టించాడు. అది తన పని కాదంటున్నాడు సబ్-జీరో. స్కార్పియన్ చెవికెక్కలేదు. మీ వేళ్లు బటన్ల మీదే ఉన్నాయి, నొక్కినా లాభం లేదు. స్కార్పియన్ నెదర్‌రెల్మ్ నుంచి తిరిగి వచ్చేసరికి అతని చేతిలో వెన్నెముకతో సహా సబ్-జీరో తల ఉంది. అతణ్ణి అంతదాకా పడగొట్టింది మీరే కదా!

ఒకప్పుడు ఫైటింగ్ గేముల్లో కథంటే చివరి విలన్‌ను కొట్టాక వచ్చే ఒక బొమ్మ, దాని కింద నాలుగు వాక్యాలు. చికాగోలోని నెదర్‌రెల్మ్ స్టూడియోస్ 2011 మోర్టల్ కోంబాట్‌లో మాత్రం 16 అధ్యాయాల కథ నడిపింది. అధ్యాయం మారితే మీరూ మారిపోతారు.

ఎనిమిదో అధ్యాయానికి రండి. ఇప్పుడు మీరు సబ్-జీరో. చనిపోయినవాడి తమ్ముడు క్వాయ్ లియాంగ్. అన్న పేరే పెట్టుకుని, అన్నను చంపినవాడి కోసం వచ్చారు. ఎదురుగా ఎవరో వేరే చెప్పాలా? స్కార్పియన్. ఆ బల్లెం ఎంత దూరం నుంచి వస్తుందో మీకు తెలుసు. విసిరిన మరుక్షణం అతని ఒళ్లు ఎలా ఖాళీగా దొరుకుతుందో తెలుసు. నిన్న విసిరింది మీరే. బ్లాక్ చేశారు. మంచు విసిరారు. ఈసారి బిగుసుకుపోయింది అతడు.

గెలిచారు. అయినా పగ తీరలేదు. మీ సొంత వంశమైన లిన్ క్వే యంత్రయోధులు ప్రత్యక్షమై మిమ్మల్నే ఎత్తుకుపోయారు. ఆ గతి నిజానికి మీ నేస్తం స్మోక్‌కు పట్టాల్సింది. రైడెన్ అడ్డుపడి అతణ్ణి కాపాడాడు, వేటు మీ మీద పడింది. ఇకపై మీరు మనిషి కాదు, సైబోర్గ్.

ఆన్‌లైన్‌లో మిమ్మల్ని ఓడించేవాడు ఒక పేరు, ఒక ర్యాంకు. ఇక్కడ అలా కాదు. అవతలివాడి దుఃఖాన్ని ముందే మోసి, అతని దెబ్బను మీ బొటనవేలితోనే నేర్చుకుని, ఆ తర్వాత అతని మీదికి వెళతారు. ఒంటరిగా ఆడేవాడికి ఈ గేమ్ ఇచ్చిన గొప్ప వరం అదే: ఇందులో శత్రువు పరాయివాడు కాడు.