గనికార్మికుని ఫిడేలు

వయొలినును మన తాతల కాలమున ఫిడేలు అనుటయే వాడుక. విజయనగరమున ద్వారం వెంకటస్వామినాయుడుగారు తమ నాదముతో సభలను ముంచెత్తిన రోజులలో సయితము సామాన్య జనులు దానిని ఫిడేలు అనియే పిలుచుకొనిరి. ఆ మాటలో వారికి గౌరవలోప మేమియు తోపలేదు. అమెరికా దేశమున అట్లు కాదు. అచ్చట ఒకే వాద్యమునకు రెండు పేర్లు, రెండు అంతస్తులు. సంగీతశాలలలో స్వరలిపి ముందుంచుకొని వాయించినచో అది వయొలిను. కొండపల్లెలలో, ధాన్యపు కొట్టములలో, గుంపు నృత్యములకు చెవితో నేర్చి వాయించినచో అదియే ఫిడేలు. చెక్క ఒకటే, తంతులు నాలుగును ఒకటే. వాయించు మనుష్యుల బ్రతుకు మాత్రము వేరు.

ఆ రెండవ తెగకు చెందిన కెన్నీ బేకర్ అను వాద్యకుని చరిత్ర మిక్కిలి విచిత్రమైనది. తన రంగమున సాటి లేనివా డని పేరు పొందియు, కుటుంబ పోషణకై పలుమారులు ఫిడేలును పెట్టెలో నుంచి బొగ్గుగనిలోనికి దిగిన మనుష్యుడాతడు. ఒక మృత వాద్యకుని పాటలు లోకమునకు దక్కుట కూడ చివరకు ఆతని చేతిమీదుగనే జరిగినది.

కెంటకీ రాష్ట్రపు తూర్పు కొండలలో జెంకిన్స్ అను పట్టణము కలదు. 1911వ సంవత్సర ప్రాంతమున ఒక బొగ్గు కంపెనీ దానిని తన కార్మికుల కొరకు నిర్మించినది. ఇండ్లు కంపెనీవి, అంగడి కంపెనీది, ఆసుపత్రియు కంపెనీదే. దాని ప్రక్కనున్న బర్డీన్ అను వాడలో 1926 జూన్ 26వ తేదీన బేకర్ జన్మించెను. తండ్రి ఫిడేలు వాయించెడివాడు. కుమారుడు ఆయన వెంట తంతులు మీటుచు, చూచుచు, వినుచు విద్య నేర్చెను. వ్రాతకోతలతో పనిలేని విద్య అది.

ఆ కొండ కనుమలకు బయటి లోకపు సంగీతము తెచ్చినది రేడియోయే. టెనెసీ రాష్ట్రమున నాష్‌విల్ నగరపు డబ్ల్యూ.ఎస్.ఎం. కేంద్రమునుండి 1925 నవంబరు 28వ తేదీ రాత్రి డెబ్బది యేడేండ్ల వృద్ధుడు, అంకుల్ జిమ్మీ థాంప్సన్ అనునాతడు, తన ఫిడేలు వినిపించెను. శ్రోతలకు అది నచ్చినది. ఆనాటి ప్రసారమే పెరిగి, 1927లో ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ అను పేరు దాల్చినది. 1932 నాటికి ఆ కేంద్రము యాబది వేల వాట్ల శక్తి సంపాదించి, రాత్రివేళ దూర రాష్ట్రములకు సయితము వినబడసాగెను. ఒక ముదుసలి ఫిడేలుతో ఆరంభమైన ఆ కార్యక్రమము నేటికిని నడచుచున్నది. రేడియో వృత్తిలో నున్న మేము ఈ మాటను కొంచెము అసూయతోనే చెప్పుచున్నాము.

ఆ కార్యక్రమమున 1939లో ప్రవేశించిన గాయకుడు బిల్ మన్రో. అతడును కెంటకీ వాడే. తన రాష్ట్రమునకు గల ముద్దుపేరును బట్టి తన బృందమునకు ‘బ్లూ గ్రాస్ బాయిస్’ అని పేరిడుకొనెను. మాండలిను, గిటారు, ఫిడేలు, అయిదు తంతుల బాంజో, నిలువెత్తు బాసు వాద్యము — ఇవియే వాని సాధనములు. విద్యుత్తుతో పనిచేయు వాద్యములు లేవు. పాట నడుమ ఒక్కొక్క వాద్యకుడు వంతు పుచ్చుకొని మైక్రోఫోను ముందునకు వచ్చి తన పనితనము చూపి తొలగును. గొంతు మిక్కిలి హెచ్చు స్థాయిలో సాగును, వేగము చెప్పనక్కరలేదు. బృందము పేరే క్రమముగా ఒక సంగీతమునకు పేరైనది. నేడు లోకమంతయు ‘బ్లూగ్రాస్’ అనునది దీనినే.

వింత యేమనగా, యౌవనమున బేకర్‌కు ఈ సంగీతముపై మక్కువ లేదు. ఆతని మనస్సు నగరపు స్వింగ్ సంగీతముపై నుండెను. ప్యారిసులో జాంగో రైన్‌హార్ట్ గిటారుతో జత కలిపి స్టెఫాన్ గ్రాపెల్లీ వాయించిన వయొలిను ఆతనికి ఆదర్శము. స్వదేశమున, కెంటకీలోనే, మేరియన్ సమ్నర్ అను ఫిడేలు వాద్యకుని పోకడలు ఆతనిని ఆకర్షించినవి. గనిలో పని చేసెను. నౌకాదళమున కొలువు చేసెను. మరల గనిలోనికి వచ్చెను. 1950 తరువాత డాన్ గిబ్సన్ అను గాయకుని బృందములో సమ్నర్ విడిచిన స్థానమే ఈతనికి లభించినది. ఆ రోజులలోనే మన్రో 1954లో రికార్డు చేసిన ‘వీల్ హాస్’, ‘రోనోక్’ అను రెండు వాద్య రచనలను విని, ఈ సంగీతములో ఇంత లోతున్నదా యని ఆశ్చర్యపడెనట. ఒక కచేరీలో ఇరువురకు పరిచయమైనది. మన్రో తన బృందములోనికి రమ్మనెను. 1957 డిసెంబరు 15వ తేదీన బేకర్ ఆ బృందముతో తొలి రికార్డు నిచ్చెను.

ఈతని వాద్యమునకు ప్రాణము కమాను. కొండపల్లెల పాతకాలపు వాద్యకులు కమానును పొట్టిగా, ముందు వెనుకలకు తెగ ఆడించుచు, నాట్యపు అడుగులకు సరిపడు లయను దానితోనే పుట్టించెడివారు. వినుటకు ఉత్సాహముగా నుండును గాని స్వరములు ఒకదానినొకటి త్రోసికొనుచున్నట్లు తోచును. బేకర్ కమానును పొడవున లాగెను. ఒక్క లాగుడులో అనేక స్వరములు జారిపోకుండ, తెగిపోకుండ, వరుసగా వెలువడును. ఎంతటి వేగములో నున్నను తొందర వినబడదు. మన వైణికులును వాయులీన విద్వాంసులును గమకమునకై ఒకే కమానులో, ఒకే మీటులో సంగతిని సాగదీయుట ఎరిగిన మన శ్రోతలకు ఈ మర్మము బోధపడుట కష్టము కాదు. ఈ సౌకుమార్యము స్వింగ్ సంగీతమునుండి వచ్చినదే. నేడు పదిమందియు అచ్చమైన కొండగాలి యని మురియు ఆ నాదములో ప్యారిసు గాలియు కొంత కలిసియున్న దని మా అభిప్రాయము.

ఇంతటి వాద్యకునికి కడుపు నిండినదా? ఆ కాలము మంచిది కాదు. 1954లో ఎల్విస్ ప్రెస్లీ అను యువకుడు తన తొలి రికార్డు రెండవ ప్రక్కన మన్రో పాటనే మార్చి పాడెను. ఆపై రెండు మూడేండ్లలో యువజనులందరును రాక్ అండ్ రోల్ వైపు మరలిరి. పల్లెసంగీతపు రికార్డులలో సయితము ఫిడేలు మాయము కాసాగెను. బృందమునకు కచేరీలు తగ్గినవి. కచేరీ యున్ననాడు కూలి, లేనినాడు లేదు. ప్రయాణములా, కారులో కూరుకొని రాత్రింబవళ్లు. గనిలో ప్రాణభయమున్నను వారము తిరుగగానే జీతము చేతికి వచ్చును. బిడ్డలు కలవాడు ఏమి చేయగలడు? బేకర్ బృందమును విడిచి గనికి పోయెను. 1962 ప్రాంతమున మరల వచ్చి, కొంతకాలము వాయించి, మరల పోయెను. ఈ రాకపోకలను కొందరు ఆతని చంచల స్వభావమునకు అంటగట్టుదురు. మాకు అట్లు తోచదు. లెక్క తెలిసిన గృహస్థు చేయవలసినదే ఆతడు చేసెను.

ఇంతలో కాలము కొంచెము మరలినది. విశ్వవిద్యాలయముల యువకులు పాత జానపద సంగీతమును వెదకికొనుచు కొండలకు రాసాగిరి. 1965లో వర్జీనియా రాష్ట్రపు ఫిన్‌కాసిల్‌లో బ్లూగ్రాసు సంగీతమునకే ప్రత్యేకించిన ఉత్సవము కొన్ని దినములపాటు జరిగినది. 1967లో మన్రో తానే ఇండియానాలోని బీన్ బ్లాసమ్‌లో ఉత్సవము నెలకొల్పెను. 1968లో బేకర్ మరల బృందములో చేరెను. ఈ మారు పదునారేండ్లు నిలిచెను. బృందములో వచ్చి పోయిన వాద్యకులు నూటికి పైబడియున్నారు. అంత దీర్ఘకాలము పనిచేసిన వాడు మరియొకడు లేడు.

మన్రో మనస్సులో చిరకాలముగా నున్న ఒక పని ఇప్పుడు సాధ్యమైనది. దానికి పూర్వకథ కొంత చెప్పవలెను. మన్రో ఎనిమిదిమంది సంతానములో కడపటివాడు. పదియేండ్లకే తల్లి పోయినది. పదునారేండ్లకు తండ్రియు పోయెను. అన్నలు పనులకై ఊళ్లు పట్టిరి. ఒంటరి కుర్రవానిని మేనమామ పెండిల్టన్ వాండివర్ రోజీన్ గ్రామమున తన గుడిసెలో చేరదీసెను. ఊతకర్రతో నడచు ఆ మేనమామ ఫిడేలు వాద్యకుడు. చుట్టుప్రక్కల నాట్యములకు వాయింపబోవునప్పుడు మేనల్లుని వెంట గొనిపోవును. కుర్రవాడు ప్రక్కవాద్యము వాయించును. కొలదికాలమునకు మన్రో బ్రతుకుదెరువునకై ఇండియానాలోని నూనెశుద్ధి కర్మాగారమునకు పోయెను. మేనమామ 1932లో మరణించెను. ఆయన వాద్యమును ఎవరును రికార్డు చేయలేదు. ఆయన పాటలు మేనల్లుని జ్ఞాపకములో మాత్రము మిగిలినవి.

1950లో మన్రో మేనమామపై ఒక పాట కట్టి రికార్డు చేసి, ఆ పేరును దేశమంతటను వ్యాపింపజేసెను. కాని పేరు వేరు, ఆయన వాయించిన పాటలు వేరు. మన్రో చేతిలోనిది మాండలిను. మీటి వాయించు వాద్యము. ఫిడేలుకు పుట్టిన పాటను మాండలిను చెప్పగలదు గాని పూర్తిగా పాడలేదు. తన బృందములో ఎందరెందరు ఉద్దండులు ఫిడేలు పట్టినను ఆతడు ఆ నిధిని వారికి అప్పగింపక తాళము వేసి యుంచెను. చివరకు గనికార్మికుడైన బేకర్‌ను ఎన్నుకొనెను. మన్రో మాండలినుపై మీటి చూపుట, బేకర్ కమానుతో అందుకొనుట — ఇట్లు గురుముఖతః నేర్చిన పాటలు 1972లో ‘బిల్ మన్రోస్ అంకుల్ పెన్’ అను పేర రికార్డుగా వెలువడినవి. మేనమామ పోయి అప్పటికి నలువది యేండ్లు.

ఆ రికార్డులో మనము వినునది అక్షరాల వాండివర్ వాద్యమా? కాజాలదు. ఒక బాలుని చెవి, నలువదేండ్ల జ్ఞాపకము, మాండలిను తంతి, స్వింగ్ రుచి మరగిన మరియొకని కమాను — ఇన్నింటి గుండా వచ్చినది అది. అయినను, మన్రో పూనుకొనకున్న, అందుకు తగిన చేయి దొరకకున్న, ఆ మాత్రమును నేడు లేకుండెడిది. త్యాగయ్యగారి కృతులు ఏ శిష్యుల గొంతుల గుండా మనవరకు వచ్చినవో తెలిసిన వారము మనము. ఈ విషయమున మనము అమెరికావారిని తప్పు పట్టలేము.

1976లో పాత్రలు మారినవి. ‘కెన్నీ బేకర్ ప్లేస్ బిల్ మన్రో’ అను రికార్డులో నాయకుని రచనలను అనుచరుడు తన పేర వాయించెను. నాయకుడే ప్రక్కన కూర్చుండి మాండలిను పట్టెను. ఆ రచనలలో ‘జెరూసలెం రిడ్జ్’ అనునది ముఖ్యము. రోజీన్‌లో మన్రో పుట్టింటి చెంత నున్న ఒక గుట్ట పేరది. నాలుగు అంగములుగా, విషాదచ్ఛాయతో సాగు రచన. ఫిడేలు నేర్చు బ్లూగ్రాసు విద్యార్థులకు అది నేడొక పరీక్ష వంటిది. వేదికపై మన్రో ఈతనిని పరిచయము చేయునపుడెల్ల, బ్లూగ్రాసు సంగీతమున సర్వశ్రేష్ఠుడైన ఫిడేలు వాద్యకు డనియే చెప్పెడివాడు.

అట్టి స్నేహము 1984 అక్టోబరులో అలబామాలో ఒక కచేరీ నడుమ తెగిపోయినది. బేకర్ వేదిక దిగి వెడలిపోయెను. ఆ బృందములో మరల చేరలేదు. మన్రో కడపటి యేండ్లలో గాని ఇరువురకు పొత్తు కుదురలేదు. మన్రో 1996లో మరణించెను.

బృందమును విడిచిన పిదప బేకర్ డోబ్రో వాద్యకుడైన జాష్ గ్రేవ్స్‌తో జత కట్టెను. గ్రేవ్స్ 2006లో మరణించువరకు ఆ జంట నిలిచినది. 1993లో అమెరికా ప్రభుత్వ కళాసంస్థ బేకర్‌కు జాతీయ వారసత్వ పురస్కార మొసగినది. 1999లో బ్లూగ్రాసు సంగీత ప్రముఖుల పట్టికలో ఆతని పేరు చేర్చిరి. టెనెసీ రాష్ట్రపు గాలటిన్ పట్టణమున, పక్షవాతమునకు లోనై, 2011 జూలై 8వ తేదీన తన యెనుబది యైదవ యేట కెన్నీ బేకర్ కన్నుమూసెను.