పిడిలో దాగిన సాక్ష్యం: జపాన్ ఖడ్గాల కాలనిర్ణయం

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయిన తరువాత, ఆ దేశాన్ని ఆక్రమించిన మిత్రరాజ్యాల సైన్యాలు ప్రజల వద్దనున్న ఆయుధాలను స్వాధీనం చేసుకోవడం ప్రారంభించాయి. నిన్నమొన్న కర్మాగారంలో తయారైన సైనికుని కత్తికీ, ఏడు వందల ఏళ్లనాటి ఖడ్గానికీ ఆ ఉత్తర్వుల దృష్టిలో భేదం లేదు. ఎన్నో ఖడ్గాలు కొలిమిలో కరిగిపోయాయి. కొన్ని సముద్రం పాలయ్యాయి. మరెన్నో విజేతల సామానులో జ్ఞాపికలుగా దేశాంతరాలకు తరలిపోయాయి. షోగునులుగా దేశాన్ని ఏలిన తొకుగవ వంశంలో తరతరాలుగా సంక్రమించి, 1939లో జాతీయ నిధిగా గుర్తింపు పొందిన ‘హోంజో మసమునె’ ఖడ్గాన్ని 1945 డిసెంబరులో ఒక పోలీసు ఠాణాలో అప్పగించారు. ఆ తరువాత దాని జాడ తెలియలేదు.

ఈ వినాశనాన్ని కొంతవరకైనా నిలువరించినది ఖడ్గపరీక్ష అనే ప్రాచీన విద్య. ఆయుధం వేరనీ, కళాఖండం వేరనీ జపాన్ పండితులు అధికారులను ఒప్పించగలిగారు. 1946లో కళావిలువ గల ఖడ్గాలకు మినహాయింపు లభించింది. వాటి పరిరక్షణకై 1948లో ఒక సంఘం ఏర్పడింది. అయితే మినహాయింపు పొందాలంటే ప్రతి ఖడ్గమూ తన విలువను నిరూపించుకోవాలి. ఆ విధంగా, వర్తకుల ధరవరలకు సంబంధించినదిగా కనిపించే ప్రశ్న ఖడ్గాల ఉనికికి సంబంధించిన ప్రశ్నగా పరిణమించింది.

ఈ విద్యకు దీర్ఘమైన చరిత్ర ఉంది. ఖడ్గాలకు సానపట్టడం, వాటిని పరీక్షించి ధ్రువపత్రాలు ఇవ్వడం హోనామి కుటుంబం వంశపారంపర్య వృత్తి. షోగును యోషిమునె ఆజ్ఞపై ఆ కుటుంబంవారు 1719లో దేశంలోని సుప్రసిద్ధ ఖడ్గాల పట్టికను సమర్పించారు. ఖడ్గచరిత్రను పండితులు స్థూలంగా యుగాలుగా విభజిస్తారు. 1596 ప్రాంతానికి పూర్వపువి ‘కొతో’, అంటే పాత ఖడ్గాలు. అటుపై పద్దెనిమిదో శతాబ్ది చివరి భాగం వరకు వచ్చినవి ‘షింతో’, కొత్త ఖడ్గాలు. ఆ తరువాతి యుగం, బహిరంగంగా ఖడ్గధారణను నిషేధించిన 1876 నాటి శాసనంతో ముగుస్తుంది.

పరీక్షకుడు మొదట చూసేది ఆకృతి. పూర్వం అశ్వారూఢులైన యోధులు ధరించిన ‘తచి’ పొడవుగా, లోతైన వంపుతో ఉండి, వాదర కిందికి ఉండేటట్లు నడుమున వేలాడేది. తరువాతి ‘కతన’ను వాదర పైకి ఉండేటట్లు నడికట్టులో దోపేవారు. పిదప ఉక్కు పొరలనూ, వాదర వెంబడి అల వలె సాగే తెల్లని రేఖనూ చూస్తారు. కమ్మరి వాదర వద్ద పలుచగా, వెన్ను వద్ద మందంగా మట్టి పూసి, ఎర్రగా కాల్చి నీటిలో ముంచినప్పుడు ఏర్పడే రేఖ అది. అగ్నిప్రమాదంలో చిక్కిన ఖడ్గం ఆ రేఖను కోల్పోతుంది. 1615లో ఒసాకా కోట తగలబడినప్పుడు దెబ్బతిన్న ఖడ్గాలకు యసుత్సుగు అనే కమ్మరి తిరిగి పదును కల్పించాడు. అటువంటివి చరిత్ర దృష్ట్యా ఆసక్తికరమే అయినా, సాధారణంగా వాటి విలువ తగ్గుతుంది.

అసలైన సాక్ష్యం మాత్రం పిడి లోపల ఉంటుంది. పిడిని ఊడదీస్తే కనిపించే మొదలు భాగానికి ఎన్నడూ సానపట్టరు. శతాబ్దాలుగా పేరుకొన్న నల్లని తుప్పు, ఆకురాయి గీతలు, చీల కోసం తొలిచిన రంధ్రాలు అక్కడ భద్రంగా ఉంటాయి. కమ్మరి సంతకమూ అక్కడే ఉంటుంది. కాని సంతకాన్ని చూసి తీర్పు చెప్పడం అపాయకరం. పదిహేడో శతాబ్దికి చెందిన కొతెత్సు వంటి ప్రఖ్యాతుల పేర్లను ఇతరుల ఖడ్గాలపై చెక్కడం పరిపాటి అయింది. దీనికి భిన్నంగా, మసమునె సంతకం చేసినవి అత్యంత అరుదు. పొడవైన పాత ఖడ్గాలను తరువాతి కాలంలో మొదలు వైపు నుండి కురుచ చేసినప్పుడు ఎన్నో నిజమైన సంతకాలు తెగిపోయాయి. కనుక సంతకం లేకపోవడం లోపం కాదు. ఉండడం రుజువూ కాదు. ఉక్కు చెప్పే సాక్ష్యంతో పొసగినప్పుడే సంతకానికి విలువ.

ఈ విషయం మనకు పూర్తిగా పరాయిది కాదు. బర్మాలో జపాన్ సైన్యాన్ని ఓడించిన పద్నాలుగో సైన్యంలో అధికసంఖ్యాకులు భారతీయులు. లొంగిపోయిన జపాన్ అధికారులు తమ ఖడ్గాలను స్వయంగా అప్పగించాలని ఆ సేనకు నాయకత్వం వహించిన జనరల్ స్లిమ్ పట్టుబట్టాడు. ఆ యుద్ధంలో చేతులు మారిన ఖడ్గాలు మన దేశానికీ చేరాయి. వాటిలో క్రమసంఖ్య ముద్రించిన కర్మాగారపు కత్తులున్నాయి. అయితే కొందరు అధికారులు తమ వంశంలోని పాత అలుగులకే సైనిక పద్ధతి పిడినీ, ఒరనూ అమర్చుకొని యుద్ధానికి వచ్చారు. అందువల్ల బాహ్యాలంకారం ఖడ్గం వయస్సును తెలుపదు.

అటువంటి ఖడ్గం సంరక్షణలో ఉన్నవారు, వ్యక్తులైనా, సంస్థలైనా, ఒక పొరపాటు చేయరాదు. శుభ్రత పేరిట పిడి లోపలి తుప్పును గీకి వేస్తే ఖడ్గం మెరుస్తుంది; కాని దాని కాలాన్ని చెప్పే ప్రధాన సాక్ష్యం నశిస్తుంది. అలుగుకు తెలియక చేసే సాన కూడా అంతే హానికరం. సానపట్టిన ప్రతిసారీ కొంత ఉక్కు అరిగిపోతుంది; అది తిరిగి రాదు. నిపుణునికి చూపేవరకు ఉన్నదానిని ఉన్నట్లు ఉంచడమే ఉత్తమం. 1945లో అజ్ఞానం వల్ల కొలిమికి చేరిన ఖడ్గాలను మనం కాపాడలేము. మిగిలినవాటి తుప్పునైనా చరిత్ర పత్రంగా భావించి భద్రపరచడం మన చేతిలో ఉంది.