ఐదో సైకిలు

మా ఊరు కాలవగట్టు మీద ఉంటుంది. హైస్కూలు నాలుగు కిలోమీటర్ల అవతల. ఏడో తరగతి దాటాక ఆడపిల్లల్ని చదువు మాన్పించే ఇళ్ళు అప్పటికి మా ఊళ్ళో చాలానే ఉండేవి. మా అమ్మ ఒక షరతు మీద ఒప్పుకుంది. "ఒక్కదానివీ వెళ్ళకు. అందరూ కలిసి వెళ్ళండి, కలిసి రండి" అంది. అలా ఐదుగురం జతయ్యాం. ఐదో అమ్మాయిది దళితపేట. మా అందరికన్నా ఆమెదే దూరం. వంతెన దగ్గర ఆమె సైకిలు కనబడేదాకా నలుగురం ఆగేవాళ్ళం.

ఒకరోజు సెంటర్లో ఓ కానిస్టేబులు మమ్మల్ని ఆపాడు. చుట్టుపక్కల ఏదో గొడవ జరిగి ఆంక్షలు పెట్టారట. వేలు చూపిస్తూ లెక్కపెట్టి, "ఐదుగురున్నారు. ఇలా గుంపుగా పోకూడదు, విడివిడిగా వెళ్ళండమ్మా" అన్నాడు. కసురుకోలేదు కూడా. మర్నాటినుంచి మేం నలుగురం ముందు వెళ్ళిపోయేవాళ్ళం. ఆమె వెనక ఒంటరిగా వచ్చేది. గట్టు మీద కూచునే కుర్రాళ్ళ మాటలు ఆమె ఒక్కతే పడింది. వారం తిరక్కుండానే ఆంక్షలు ఎత్తేశారు. దసరా సెలవుల తర్వాత ఆమె బడికి రాలేదు.

ఆ ఐదు అనే అంకె కానిస్టేబులు సొంత లెక్క కాదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1860 నాటి శిక్షాస్మృతిలో 141వ సెక్షను ప్రకారం, ఐదుగురు గానీ అంతకు మించి గానీ చట్టవిరుద్ధమైన ఉద్దేశంతో చేరితే అది నేరం. అక్కడ ఉద్దేశం ముఖ్యం. కానీ 144వ సెక్షను కింద ఇచ్చే నిషేధాజ్ఞల్లో ఉద్దేశం సంగతి పక్కకు పోయి, అంకె మాత్రం మిగిలిపోతుంటుంది. 2024 జూలై 1 నుంచి ఈ సెక్షన్ల నంబర్లు మారాయి. 141 కొత్త న్యాయసంహితలో 189 అయింది, 144 నాగరిక సురక్షా సంహితలో 163 అయింది. ఐదు మాత్రం ఐదుగానే ఉంది. ఊరేగింపుకి లైసెన్సు తీసుకోమనే అధికారాన్ని పోలీసులకిచ్చింది 1861 నాటి పోలీసు చట్టంలోని 30వ సెక్షను. 1857 తిరుగుబాటు చూసి బెదిరిన ప్రభుత్వం చేసుకున్న చట్టం అది.

అంకెల గొడవ మన దేశానిదే కాదు. న్యూయార్క్‌లో ప్రతినెలా ఆఖరి శుక్రవారం సాయంత్రం వందలమంది కలిసి సైకిళ్ళ మీద బయల్దేరేవారు. 1992లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన ఈ అలవాటుకి క్రిటికల్ మాస్ అని పేరు. 2004 ఆగస్టులో, రిపబ్లికన్ పార్టీ మహాసభ ముందు, అక్కడి పోలీసులు ఒక్క రాత్రిలో 250 మందికి పైగా సైకిలువాళ్ళని అరెస్టు చేశారు. 2007లో యాభై లేదా అంతకు మించి సైకిళ్ళు కలిసి వెళ్తే పర్మిట్ కావాలని నిబంధన పెట్టారు. 2010లో ఫెడరల్ కోర్టు దాన్ని సమర్థించింది. సైకిలువాళ్ళ వాదన చిన్నదే: మేం రాకపోకల్ని ఆపడం లేదు, రాకపోకలంటే మేం కూడా. నలభైతొమ్మిది సైకిళ్ళు ప్రయాణమూ, యాభయ్యోది చేరితే ఊరేగింపూ ఎలా అవుతాయి?

ఆ ప్రశ్న ఆడవాళ్ళ వైపునుంచి అడిగితే ఇంకా లోతుకు పోతుంది. మగవాడికి గుంపు ఒక ఎంపిక. ఒంటరిగా కూడా అతనికి రోడ్డు ఉంటుంది. మనలో చాలామందికి గుంపు వల్లనే రోడ్డు దొరికింది. విడివిడిగా వెళ్ళమనడం అతనికి ఇబ్బంది, మనకి ఇంట్లో ఉండమని చెప్పడమే. 1992లో తమిళనాడు పుదుక్కోట్టైలో 1500 మందికి పైగా ఆడవాళ్ళు జెండాలు కట్టుకుని సైకిళ్ళ మీద ఊరంతా తిరిగారు. అక్షరాస్యతా ఉద్యమానికి జిల్లా యంత్రాంగం అండ ఉంది కాబట్టి అది ప్రగతి అయింది. అండ లేనప్పుడు అదే గుంపు శాంతిభద్రతల సమస్య.

2022 సెప్టెంబరు 12న అమరావతి రైతులు అరసవల్లికి పాదయాత్ర మొదలుపెట్టారు. వాళ్ళలో ఆడవాళ్ళు పెద్దసంఖ్యలో ఉన్నారు. రాజధాని ఎక్కడుండాలన్నది ఈ వ్యాసం విషయం కాదు. హైకోర్టు 600 మందికి అనుమతించింది. అక్టోబరులో గోదావరి దాటి రాజమండ్రి చేరాక ఎదురు నినాదాలు, తోపులాటలు జరిగాయి. రామచంద్రపురం దగ్గర పోలీసులు గుర్తింపు కార్డులు చూపించమన్నారు. అక్టోబరు 22న యాత్ర అక్కడే ఆగింది. భూమి పట్టాలు ఎక్కువగా మగవాళ్ళ పేర ఉండే మన సమాజంలో, 'రైతు' అని కార్డు చూపించమంటే పొలంలో నాట్లేసిన మనిషి ఏ కార్డు చూపించాలి?

రామచంద్రపురానికి కూతవేటు దూరంలోనే ద్రాక్షారామం. దువ్వూరి సుబ్బమ్మగారు పుట్టిన ఊరు. బాల్యంలోనే వైధవ్యం వచ్చిన మనిషి గడప దాటి, సభల్లో మాట్లాడి, 1922లో ఏడాది జైలుశిక్ష పొందారు. సరిగ్గా నూరేళ్ళ తర్వాత ఆ పక్కనే ఆడవాళ్ళని లెక్కపెడుతున్నారు.

గుంపులో ప్రమాదం లేదని నేననను. 2022 డిసెంబరు 28న కందుకూరు సభలో తొక్కిసలాట జరిగి ఎనిమిదిమంది పోయారు. 2023 జనవరి 1న గుంటూరులో చీరల పంపిణీ దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు నలిగి చనిపోయారు. మర్నాడే ప్రభుత్వం జీవో నంబరు 1 తెచ్చి, 30వ సెక్షను ఆధారంగా రోడ్ల మీద సభల్ని కట్టడి చేసింది. మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. క్రమబద్ధం చేయొచ్చు గానీ పూర్తిగా నిషేధించకూడదని సుప్రీంకోర్టు హిమత్‌లాల్ షా కేసులో ఎప్పుడో 1972లోనే చెప్పింది. ఆ ముగ్గురు చనిపోయింది చీరల పంపిణీ సరిగ్గా ఏర్పాటు చేయకపోవడం వల్ల. ఆడవాళ్ళు కలిసి రావడం వల్ల కాదు.

మన సాహిత్యంలో వంటిల్లు, పడకగది చర్చకొచ్చినంతగా రోడ్డు రాలేదు. నేను కూడా పరిశోధన అంతా ఇంటి చుట్టూనే చేశాను. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆ ఐదో అమ్మాయి కనబడింది. ఆమె కూతురు కొన్నేళ్ళ క్రితం 'బడికొస్తా' పథకంలో సర్కారు సైకిలు అందుకుందట. ఆ కానిస్టేబులు మాట నేనే ఎత్తాను. అతని వల్లనే కదా నీ చదువు ఆగిపోయింది అన్నాను. ఆమె నవ్వింది.

"అతన్నంటావేంటే? మీరు వంతెన దగ్గర ఆగుంటే వచ్చేదాన్నే."

నాకు జవాబు దొరకలేదు. లెక్కపెట్టింది అతను. నాలుగు దగ్గర ఆగిపోయింది మేము.