గట్లు కట్టినవాళ్లు

కెనడా తూర్పు తీరాన నోవా స్కోషియాలో గ్రాండ్ ప్రే అనే పల్లె ఉంది. ఇవాళ పచ్చగా కనిపించే అక్కడి పొలాలు ఒకప్పుడు సముద్రపు పోటుకి మునిగే చవిటి నేలలు. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన పోటు వచ్చేది ఆ తీరానే. 1680లలో అక్కడికొచ్చిన ఫ్రెంచి రైతులు, అకేడియన్లు, మట్టి గట్లు కట్టారు. గట్ల కింద తలుపున్న చెక్క తూములు పెట్టారు. ఆటుకి వాననీరు బయటికి పోతుంది. పోటొస్తే ఆ నీటి ఒత్తిడికే తలుపు మూసుకుంటుంది. రెండు మూడేళ్లలో ఉప్పు కడుక్కుపోయి గోధుమ పండింది. ఆ ప్రాంతపు మూలవాసులైన మిక్‌మాక్‌లతో వాళ్లకి స్నేహమే.

1713లో ఎక్కడో యూరప్‌లో రాసుకున్న సంధితో ఆ నేల బ్రిటన్‌ది అయిపోయింది. ఏలిక మారాడు. రైతులు మాత్రం అక్కడే ఉన్నారు. భాష ఫ్రెంచి, మతం కాథలిక్. అనుమానించడానికి అంతకన్నా ఏం కావాలి? రాజుకి విధేయులమే గానీ ఎవరి పక్షానా ఆయుధం పట్టం అన్నారు. 1730లో ఆ షరతుతోనే ప్రమాణం చేశారు. 1755లో లెఫ్టినెంట్ గవర్నర్ లారెన్స్ ఆ ప్రమాణం చాలదన్నాడు. షరతుల్లేకుండా చెయ్యమన్నాడు. ప్రతినిధులు మొదట కాదన్నారు. మర్నాడు సరేనన్నా, ఇక వేళ మించిపోయిందన్నారు!

సెప్టెంబర్ 5న 418 మంది మగవాళ్లనీ, మగపిల్లలనీ చర్చిలోకి పిలిచి తలుపులేశారు. భూములు, ఇళ్లు, పశువులు రాజువని కర్నల్ విన్స్‌లో హుకుం చదివించాడు. ఆ చుట్టుపక్కల నుంచే దాదాపు 2,200 మందిని ఓడలెక్కించి చెల్లాచెదురు చేశారు. ఇళ్లు తగలబెట్టారు. 1760లో ఆ పొలాలు న్యూ ఇంగ్లండ్ నుంచొచ్చిన వలసదారుల పాలయ్యాయి. గట్లు తెగితే పూడ్చడం వాళ్లకి తెలీదు. అకేడియన్ ఖైదీల చేతే ఆ పని చేయించారు. తమ పొలం గట్టు మీదే కూలీలయ్యారు!

1907లో, తల్లి వైపు నుంచి అకేడియన్ అయిన హెర్బిన్ ఆ చర్చి స్థలాన్ని కొన్నాడు. 1922లో అక్కడ స్మారక చర్చి లేచింది. 2003లో రాణి పేరిట వెలువడిన ప్రకటన ఆ అన్యాయాన్ని ఒప్పుకుంది, చట్టపరమైన బాధ్యతను మాత్రం ఒప్పుకోలేదు. 2012లో యునెస్కో ఆ నేలని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

గట్లింకా ఉన్నాయి. పంటలింకా పండుతున్నాయి. ఉప్పునేలని అన్నంగా మార్చిన చేతులకన్నా పెద్ద ప్రమాణం ఏముంటుంది? దాన్ని చూడనివాడికి ఏ ప్రమాణం చాలుతుంది?