పల్నాడు పల్లెల్లో శిశు, కుటుంబ సంక్షేమం

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా గుంటూరు జిల్లా నుంచి విడివడి ఏర్పడింది. ఇక్కడి గ్రామాల్లో తల్లీపిల్లల బాగోగులు ఏ ఒక్క శాఖ చేతిలోనూ లేవు. 1975 అక్టోబరు 2న దేశంలో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) కింద నడిచే అంగన్‌వాడీయే అన్నిటికీ ఇరుసు. ఆరేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు పోషకాహారం అందేది, పూర్వ ప్రాథమిక విద్య సాగేది అక్కడే. టీకాలు వేసేది ఏఎన్‌ఎం. ఇల్లిల్లూ తిరిగి తల్లులను పిలుచుకొచ్చేది ఆశా కార్యకర్త. పంచాయతీ, బడి, డ్వాక్రా సంఘాలు తలో చేయి వేస్తాయి. కాగితం మీద కమిటీలు చాలానే ఉంటాయి గానీ, పని నడిచేది ఎక్కువగా ఈ ఆడవాళ్ల పరస్పర పరిచయం వల్లనే.

అసలు చిక్కు మిర్చి కోతల కాలంలో వస్తుంది. కర్నూలు వైపు నుంచి కూలీ కుటుంబాలు పిల్లలతో సహా ఇటు తరలివస్తాయి. ఆ పిల్లలు సొంతూరి అంగన్‌వాడీకి దూరమవుతారు, ఇక్కడి రిజిస్టరులో ఉండరు. అయితే 2021లో అంగన్‌వాడీలకు వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో లబ్ధిదారుల పేర్లు ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి మార్చుకునే వీలుంది.

బాల్య వివాహాలది మరో బెడద. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది. దేశ సగటు 23.3. అలాంటి పెళ్లి ముహూర్తం సంగతి తెలిసినవారెవరైనా పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయవచ్చు. ఐసీడీఎస్, రెవెన్యూ, పోలీసు సిబ్బంది కలిసి వెళ్లి పెళ్లిని ఆపి, పెద్దలకు నచ్చజెబుతారు.