శ్రీకాంత్ (పేరు)

శ్రీకాంత్ సినిమాలోనూ క్రీడల్లోనూ పలువురు ప్రసిద్ధులకు ఉన్న పురుషనామం. పెళ్లిసందడి (1996) కథానాయకుడు మేకా శ్రీకాంత్. 2017లో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచి, 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్‌వన్ అయి, 2021 ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్‌లో రజతం సాధించినది కిదాంబి శ్రీకాంత్. వీరిద్దరినీ విడదీసేది ఇంటిపేరే. 1983 ప్రపంచకప్ ఫైనల్లో భారత్ తరఫున అత్యధికంగా 38 పరుగులు చేసిన క్రికెటర్ శ్రీకాంత్ పేరుకు ముందున్న కృష్ణమాచారి మాత్రం, తమిళ రివాజు ప్రకారం, తండ్రిపేరు. ఇంటిపేరు ప్రతిచోటా చాలదనే అభ్యంతరానికి ఆధారం ఉంది: కృష్ణా డెల్టాలోని నిమ్మకూరులో 1923 మే 28న పుట్టిన నందమూరి తారక రామారావుకూ, 1983 మే 20న పుట్టిన నటుడైన మనవడికీ ఇంటిపేరుతో సహా పేరంతా ఒకటే. అది ఒకే ఇంట కావాలని నిలుపుకున్న పేరు గనుక, యాదృచ్ఛికంగా కలిసిన శ్రీకాంత్‌లకు ఆ అభ్యంతరం వర్తించదు. ఆ ఇంట ఇద్దరినీ వేరుచేయడానికి మనవడి పేరుకు ముందు జూనియర్ చేరింది.